ఏడ్చినా కారని నలుపు

"గిన్నె బయట పెట్టి మళ్ళీ గడియ వేసుకోవే తల్లీ! నీ ఏడుపు నువ్వు ఏడువు, ఎవరొద్దన్నారు?"

అత్తగారు తలుపు బాదుతూనే ఉంది. కోడలు లోపల ఏమైపోయిందోనని కాదు ఆవిడ బెంగ. ఆవిడ పాలగిన్నె లోపల ఉంది. నిన్న మధ్యాహ్నం మైనం కరిగించడానికని చిన్నకోడలు పట్టుకుపోయిన గిన్నె, మనిషితోపాటు అదీ వెనకగదిలోనే ఉండిపోయింది. ఇంట్లో ఇంకా ఎవరికీ టీ లేదు.

లోపల చిన్నకోడలికి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. మొగుడు చెప్పులు వేసుకోవడం, విప్పడం, మళ్ళీ వేసుకోవడం కూడా వినిపించింది. అతను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు తాళాలు అతని జేబులోనే ఉన్నాయి. ఈ పాటికి యజమాని షాపు ముందు నిలబడి తిట్టుకుంటూ ఉంటాడు.

"అమ్మా, ఇది నిజం ఏడుపా, పరీక్ష ఏడుపా? అదేదో తేలితే నేను పనికైనా పోతాను" అన్నాడతను.

"నన్నడుగుతావేంరా? కట్టుకున్నవాడివి, నీకే తెలియకపోతే నాకేం తెలుస్తుంది?"

వేళాకోళానికి అన్న మాట కాదది. ఆ ఇంట్లో ఏడుపులు రెండు రకాలు, ఏది ఏదో చెప్పడం ఎవరితరమూ కాదు.

చిన్నకోడలు పెళ్ళికి ముందు నుంచీ ఒక సౌందర్య సాధనాల కంపెనీలో పనిచేసింది. కళ్ళకు పెట్టుకునే ప్రతి కొత్త సరుకూ ముందు కుందేళ్ళ కళ్ళలో వేసి చూసే గది అది. వేసే చెయ్యి తనదే. కుందేలు అరవదు, కరవదు, ఊరికే ఒణుకుతుంది. ఒకరోజు ఆ ఒణుకు తన చేతికి పట్టుకుందని ఇంటికి వచ్చేసి, మళ్ళీ వెళ్ళలేదు. అప్పట్నించీ ఇంట్లో ఆమె పేరు 'కుందేలమ్మ' అయిపోయింది.

ఏ ప్రాణినీ బాధపెట్టకుండా, మొక్కల నుంచి వచ్చినవి మాత్రమే వేసి, ఏడ్చినా కారని మస్కారా చేస్తానని పంతం పట్టింది. బజారులో ఆకుబొమ్మ వేసి అమ్మేవన్నీ కొని చూసింది. పుణ్యం చేసినవేవీ నిలవవు, నిలిచేవాటిలో పుణ్యం లేదు. సరే, నేనే చేస్తానని వెనకవైపు బట్టలుతికే గదిలో పొయ్యి పెట్టింది. మొక్కల మైనం, ఆముదం, బంక, నల్లపొడి. మొదట చేసింది గడ్డం దాకా కారింది. తర్వాతది పైరెప్పా కిందిరెప్పా అతుక్కుపోయేంత బిగిసింది. ఇంకోటి మధ్యాహ్నానికల్లా కళ్ళకింద పొడిగా రాలితే, చూసినవాళ్ళు ఒంట్లో బాగాలేదా అని అడిగారు. ఉన్నంతలో మెరుగైనవి ట్యూబుల్లో నింపి, పెద్దకోడలు ముందుగదిలో నడిపే పార్లర్‌కి ఇస్తూ వచ్చింది.

మరి ఏడ్చినా కారదని తేలాలంటే ఏడవాలి కదా! ఉల్లిపాయ కోస్తే వచ్చే నీళ్ళు వేరు, మనసులోంచి వచ్చే నీళ్ళు వేరు. ఉల్లిపాయ ఏడుపుకి ఆగింది అసలు ఏడుపుకి కారిపోయేది. అందుకని తోటికోడళ్ళిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. పార్లర్‌లో మూలపడిన పాత కుర్చీ తెచ్చి వెనకగదిలో వేశారు. చిన్నకోడలు కళ్ళకు కొత్త సరుకు పెట్టుకుని అందులో కూర్చుంటుంది. పెద్దకోడలు ఎదురుగా నిలబడి తిడుతుంది. మెత్తగా కాదు, ఎక్కడ నొప్పి పుడుతుందో అక్కడ చూసి మరీ. ఆ కుర్చీలో అన్న మాట ఆ కుర్చీ దగ్గరే వదిలేయాలని ఇద్దరూ చేతిలో చెయ్యేసుకుని ఒట్టు పెట్టుకున్నారు.

మొదట్లో తిట్టబోయి ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు. నవ్వితే వచ్చిన నీళ్ళు కూడా నీళ్ళే అని సర్దుకునేవాళ్ళు. పోనుపోను పెద్దకోడలికి చెయ్యి తిరిగింది. నోరు కూడా.

నిన్న మాత్రం చిన్నకోడలికి ఎంతకీ ఏడుపు రాలేదు. వంట రాదన్నా, పిల్లల్లేరన్నా, మొగుడు కన్నెత్తి చూడడన్నా రాలేదు. అవన్నీ పాతబడిపోయిన తిట్లు.

"ఇంకేదైనా అను అక్కా, ఇవి పనిచెయ్యట్లేదు" అంది నవ్వుతూ.

పెద్దకోడలు నవ్వలేదు. గొంతు తగ్గించి అంది: "నువ్వు చేసింది ఇక్కడ ఎవరూ పెట్టుకోవట్లేదే. నీ ట్యూబుల్లో నీ పాత కంపెనీ సరుకు నింపి పెడుతున్నాను. ఇన్నాళ్ళూ అందరూ మెచ్చుకుంటున్నది దాన్ని."

ఇదిగో, అప్పుడొచ్చింది ఏడుపు. వచ్చినది ఇవాళ్టిదాకా పోలేదు.

చిన్నకోడలు చేతి అద్దం తీసుకుని చూసుకుంది. ముక్కు ఎర్రగా దుంపలా ఉబ్బింది. బుగ్గలమీద ఎండిన కన్నీళ్ళ చారలు తెల్లగా ఉన్నాయి. రెప్పవెంట్రుకలు మాత్రం నిన్న పెట్టినవి పెట్టినట్టే, దేనికది విడివిడిగా, నల్లగా నిలబడి ఉన్నాయి. కింద ఒక్క మచ్చ లేదు. ఎన్నాళ్ళనుంచో దేనికోసం కళ్ళు కాయలు కాచాయో అది చేతికొచ్చింది. వచ్చిన వేళకి సంతోషించే ఓపిక లేకుండా పోయింది.

తలుపు అవతల గొంతు మారింది.

"చెల్లీ, తియ్యి. ముందుగదిలో టీచరమ్మ ఒక కనుబొమ్మతో కూర్చుంది. బడికి వేళవుతోందని నా ప్రాణం తీస్తోంది. తియ్యవే."

చిన్నకోడలు గడియ తీసింది.

పెద్దకోడలు పళ్ళమధ్య దారం పట్టుకునే వచ్చింది. ఎప్పటిలాగే దిద్దిన మొహం, చెదరని జుట్టు, ఒత్తైన పెట్టుడు రెప్పలు. నిద్ర లేచిన మొహంతో ఆమెను ఇంట్లో ఎవరూ చూసి చాలాకాలమైంది. లోపలికి వచ్చి ముందు చూసింది తోటికోడలి కళ్ళనే.

"ఓసి నీ! చెక్కుచెదరలేదే!" అంది. దారం నోట్లోంచి జారిపోయింది. "రాత్రంతా ఏడ్చావా? దీంతోనే? కడగలేదు కదా?"

"కడగలేదు."

"సాధించావే కుందేలూ! సాధించేశావు!" ఆమె నిజంగానే సంతోషించింది. అది చూస్తే చిన్నకోడలికి ఇంకా ఒళ్ళు మండింది.

"నిన్న అన్న మాట నిజమా?"

"ఏ మాట?"

"అక్కా."

పెద్దకోడలు వంగి దారం తీసుకుంది. దులిపింది. వేలికి చుట్టుకుంది.

"కుర్చీ దగ్గర మాట కుర్చీ దగ్గరే అనుకున్నాం కదా. ఇప్పుడేంటి కొత్తగా?"

"అవును అని అను. లేదా కాదు అని అను. కుర్చీ మాట తర్వాత."

అత్తగారు ఇద్దరి మధ్యలోంచి చెయ్యి పెట్టి పాలగిన్నె లాక్కుంది. అడుగున నల్లటి మైనం పేరుకుని ఉంది. "నా గిన్నె!" అని నెత్తి కొట్టుకుంది గానీ, కోడళ్ళ మొహాలు చూసి అక్కడ్నించి కదల్లేదు.

పెద్దకోడలు దారం బిగించుకుంటూ ముందుగదికి వెళ్ళిపోయింది.

చిన్నకోడలు వెనకాలే వెళ్ళింది. జుట్టు రేగిపోయి, మొహం వాచిపోయి ఉన్న మనిషిని చూసి టీచరమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. చిన్నకోడలు ఆమెను పట్టించుకోలేదు. అద్దం ముందు పళ్ళెంలో ఉన్న ట్యూబు తీసింది. తను స్వయంగా అతికించిన చీటీ ఉన్న ట్యూబే. మూత తిప్పి, బ్రష్ తీసి, ముంజేతిమీద మందంగా ఒక గీత గీసుకుంది.

"ఏం చేస్తున్నావు?" అంది పెద్దకోడలు.

"చూస్తున్నా."

తను చేసింది మైనం. దాన్ని తియ్యాలంటే నూనె రాయాలి, ఎన్ని నీళ్ళు పోసినా కదలదు. కంపెనీవాళ్ళది అలా కాదు. గోరువెచ్చటి నీళ్ళు తగిలితే సన్నటి దారప్పోగుల్లా ఊడి వస్తుంది. ఆ గదిలో ఎన్నిసార్లు చూసిందో.

గీత ఆరేదాకా చిన్నకోడలు చెయ్యి చాచి నిలబడింది. టీచరమ్మ తొందరపెట్టడం కూడా మానేసింది. చిన్నకోడలు తలలు కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళి, వేడినీళ్ళ కుళాయి తిప్పి, చెయ్యి పెట్టింది. వేలితో మెల్లగా రుద్దింది.

నల్లటి పోగులు ఒక్కొక్కటే ఊడి తెల్లటి తొట్టిలోకి జారాయి. చెయ్యి శుభ్రమైపోయింది.

"అబ్బ, ఎంత చక్కగా వచ్చేసిందండీ!" అంది టీచరమ్మ పాపం, ఏమీ తెలియక. "మొన్న నాకు పెట్టింది ఇదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలాగే ఉంది. జంతువుల్ని హింసించకుండా కూడా ఇంత మంచివి చెయ్యొచ్చని మా వాళ్ళందరికీ చెప్పాను."

చిన్నకోడలు కుళాయి కట్టేసింది.

"మీ రెండో కనుబొమ్మ చేయించుకుని వెళ్ళండి. బడికి వేళవుతోంది" అంది.

పెద్దకోడలు రెండో కనుబొమ్మ పూర్తిచేసి టీచరమ్మను పంపేసింది. వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినగానే చిన్నకోడలు అడిగింది:

"ఎప్పట్నించి?"

"మొదట్లో నీవే పెట్టాను. ఒట్టు."

"ఎప్పట్నించక్కా?"

"వానలు మొదలైనప్పట్నించి."

వానలు ఎప్పుడో వచ్చి ఎప్పుడో వెళ్ళిపోయాయి. అంటే బయట ఆ బోర్డు కట్టినప్పట్నించి. 'ఏ ప్రాణినీ బాధపెట్టని మస్కారా, మా ఇంట్లో చేసినది' అని చిన్నకోడలు తనే కూర్చుని రాసిన బోర్డు. దాన్ని చూసి అంతవరకూ ఈ గుమ్మం ఎక్కనివాళ్ళు కూడా ఎక్కారు.

"నన్ను ఒక్కమాట అడగాల్సింది."

"అడిగితే ఏం చేసేదానివి?"

"ఆపేసేదాన్ని."

"ఆపేసి? మంచం ఎక్కేదానివి. కంపెనీ వదిలేసి వచ్చినప్పుడు ఎక్కలేదూ? గోడవైపు తిరిగి పడుకుంటే అత్తయ్య నోట్లో ముద్దలు పెట్టింది. మళ్ళీ ఆ సేవ ఎవరు చేస్తారే నీకు?"

"నేను పెట్టను" అంది అత్తగారు ఖరాఖండీగా. ఎవరూ నవ్వలేదు.

"ఓహో. నామీద జాలితో చేశావన్నమాట."

"జాలా? బాగుంది!" పెద్దకోడలు గొంతు పెరిగింది. "జాలి ఒక్కటే అయితే ఎంత బాగుండేది. మీ బావగారు ఇల్లొదిలి పోయాక ఈ ముందుగది తప్ప నాకేముందే? నీ మంచితనం నాకు గిరాకీ తెచ్చింది. ఆ బోర్డు పీకేస్తే వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోతారు. అందుకూ చేశాను. చాలా? ఇంకేమైనా కావాలా?"

"అది మోసం."

"మోసమే."

"పైగా ఏ కంపెనీది? ఆ గదిలో నా చేత్తో నేను..." చిన్నకోడలు తన అరచేతులు చూసుకుంది. "వేరే ఏదీ దొరకలేదా నీకు?"

"నీదానికి దగ్గరగా కనిపించేది అదే. ఏం చెయ్యను?"

"అసలు నాది ఎందుకు పెట్టలేదు? కారుతోందనా? పోనీ కారితే కారింది. నిజంది కదా. వాళ్ళకి చెప్పే పెట్టొచ్చు కదా."

"కారినందుకు కాదు."

"మరి?"

పెద్దకోడలు మరిదివైపు చూసింది. అతను నేలవైపు చూశాడు. ఇంకా చెప్పులతోనే ఉన్నాడు. "వదినా, వద్దు" అన్నాడు మెల్లగా.

ఆ 'వద్దు' వినగానే చిన్నకోడలు మొగుడివైపు తిరిగింది. వద్దనడానికి ఇంకా ఏదో మిగిలి ఉందన్నమాట. అది అతనికి తెలుసన్నమాట.

"ఏం వద్దు? ఏంటి మీకు తెలిసింది?"

పెద్దకోడలు అద్దం ముందు దీపం వేసింది. ఎప్పుడూ ఆ దీపం కింద వేరేవాళ్ళను కూర్చోబెడుతుంది తప్ప తను కూర్చోదు. ఇప్పుడు కూర్చుంది. కుడికంటి మూల గోరుతో పట్టుకుని పెట్టుడు రెప్ప లాగేసింది. తర్వాత ఎడమది.

చూడకపోయినా బాగుండేది. రెప్పల అంచులు దళసరిగా, ఎర్రగా, పుండు మానిన చోటులా నిగనిగలాడుతున్నాయి. వెంట్రుకలు లేవు. కుడికంటికి మూలగా రెండో మూడో వంకరగా మొలిచి కంట్లోకి వంగి ఉన్నాయి. అంతే.

ఆ కళ్ళతో ఆమె మొహం ఎవరిదో కొత్తమనిషిదిలా ఉంది.

"నిలవ ఉంచే మందు కాస్త కలపవే, తడి వస్తువు పాడైపోతుంది అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను" అంది పెద్దకోడలు. ఇప్పుడామె గొంతులో కోపం కూడా లేదు. "'అది ప్రకృతి కాదక్కా' అన్నావు. ట్యూబులో పట్టిన బూజు మాత్రం ప్రకృతి కాదేంటే?"

"నాకేం కాలేదే! నేను ప్రతిదీ పెట్టుకున్నాను. ముందు నా కళ్ళకే కదా..."

"నువ్వు పొయ్యిమీంచి దింపింది దింపినట్టు పెట్టుకుంటావు. రెండు రోజులకి అది బాగాలేదని పారేసి ఇంకోటి చేస్తావు. నేను ట్యూబు అయిపోయేదాకా పెట్టుకున్నాను. కొనుక్కున్న ఆడవాళ్ళందరూ అలాగే కదా పెట్టుకునేది. ఆ సంగతి నీకు తట్టనే లేదు."

చిన్నకోడలు తొట్టి అంచు పట్టుకుంది. నిజమే. తట్టలేదు. ఎన్నిసార్లు చేసిందో, ఎంత ఏడ్చిందో! ప్రతిసారీ తాజా సరుకే. పాతబడ్డాక ఏమవుతుందని ఒక్కసారి కూడా ఆగి చూడలేదు. ఆగితే పంతం సాగేది కాదు.

"చుక్కలమందు నేనే తెచ్చాను" అన్నాడు మొగుడు. "డాక్టరు దగ్గరికీ నేనే తీసుకెళ్ళాను. నీకు చెప్పొద్దని వదిన ఒట్టేయించుకుంది."

"కాపడం నేను పెట్టాను" అంది అత్తగారు.

"అందరికీ తెలుసు" అంది చిన్నకోడలు. "నాకు తప్ప ఈ ఇంట్లో అందరికీ తెలుసు. పైగా నేను రోజూ ఈవిడకి బుద్ధులు చెప్పాను, పెట్టుడు రెప్పలెందుకక్కా, అవి ఏ జంతువు వెంట్రుకలో తెలుసా అని. నువ్వు వింటూ కూర్చున్నావు. ఎలా విన్నావు అక్కా? ఒక్క చెంపదెబ్బ కొట్టలేకపోయావా?"

"కొట్టాలనే అనిపించేది."

గిన్నె నానబెట్టి వచ్చిన అత్తగారు వంటింట్లో కుళాయి కట్టేయడం మరిచిపోయింది, ఆ చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?" అంది చిన్నకోడలు చివరికి. "ఇన్నాళ్ళు దాచినదానివి."

"మన మస్కారా తన షాపులో పెడతానని కబురు పెట్టిన ఆవిడ ఇవాళ వస్తోంది కదా. నలుగురికీ అమ్ముతానంటోంది. ఈ నాలుగు గోడల మధ్య అబద్ధం ఆడటం వేరు, అది వేరు. నిన్న ఆ కుర్చీ దగ్గర అనేసి, నువ్వు ఏడ్చి ఊరుకుంటే నా బరువు దిగుతుందనుకున్నాను. నువ్వు ఊరుకోలేదు." పెద్దకోడలు ఊడదీసిన రెప్పలకు మళ్ళీ జిగురు రాసింది. చెయ్యి ఒణకలేదు. "కుందేళ్ళకోసం ఉద్యోగం వదులుకున్నావు. మంచిదానివే, కాదన్ను. నా కళ్ళకి నువ్వేమీ వదులుకోనక్కర్లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఆవిడ ముందు నోరు మెదపకు. రెప్పల్లేనిదాని చేత ఏ ఆడదీ కళ్ళకి రంగు వేయించుకోదు. ఈ సంగతి బయటికి పొక్కిందా, నా గది మూతే. ఇంతకంటే ఇంకేం చెప్పను?"

"ఆవిడకి ఏం చెబుతావు మరి?"

"కొన్నాళ్ళు ఆగమంటాను. ఈలోగా నువ్వు మందు కలిపి చెయ్యి. అప్పుడు అబద్ధమూ ఉండదు, నిజమూ చెప్పనక్కర్లేదు. సరేనా?"

చిన్నకోడలు సరే అనలేదు. కాదు అని కూడా అనలేదు. పెద్దకోడలు దాన్ని సరే అనుకుంది.

షాపావిడ అన్నవేళకంటే ముందే వచ్చింది. పెద్ద గొంతు, పెద్ద సంచి, వచ్చీ రాగానే చనువు. "మా అమ్మాయికి మీరే కదండీ పెట్టింది! ఉద్యోగానికి పోతూ స్టేషన్‌లో నన్ను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. రైలు కదిలేదాకా ఏడ్చింది. ఒక్క చుక్క కారలేదు! నేను ఇలాంటివి ఎన్ని తెప్పించానో. మొక్కలవి, పువ్వులవి, అదీ ఇదీ. అన్నీ బుగ్గలమీదికే. అది చూశాక ఇంక ఆగలేకపోయాను."

"కూర్చోండి" అంది పెద్దకోడలు. "ఇప్పుడే కాకుండా కొన్నాళ్ళు పోయాక అయితే..."

"అదేం కుదరదు. నా కళ్ళకి పెట్టుకుని చూస్తాను. చూసి, నచ్చితే ఇవాళే మాట అనుకుందాం. ట్యూబుల్లోవి వద్దు, ఇవాళ చేసిందేదైనా ఉందా? నాకు తాజాది కావాలి."

వెనకగదిలో గిన్నెలోంచి తీసి పెట్టిన కొత్త సరుకు ఉంది. రాత్రంతా ఏడ్పించినా కారనిది. చిన్నకోడలు వెళ్ళి దాన్ని పట్టుకొచ్చింది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు. తను సాధించింది ఒకరు మెచ్చుకోగా వినాలని ప్రాణం కొట్టుకుంది, అంతే. పెద్దకోడలు కళ్ళతోనే వద్దంది. అప్పటికే షాపావిడ దీపం కింద కూర్చుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుంది.

"మీ చేత్తోనే పెట్టండమ్మా. చేసిన చెయ్యి మీదే కదా."

చిన్నకోడలు బ్రష్ ముంచి తీసింది. మూసుకున్న రెప్పలు సన్నగా అదురుతున్నాయి. మనుషులవి కూడా అలాగే అదురుతాయి.

"మండదు కదా?" అని అడిగింది షాపావిడ.

ఆ ప్రశ్న చిన్నకోడలిని అంతవరకూ ఎవరూ అడగలేదు. తను చుక్కలు వేసిన కళ్ళలో ఏదీ అడిగే కన్ను కాదు. అక్క కూడా అడగలేదు, నమ్మి పెట్టుకుంది.

"మండదండీ" అంది పెద్దకోడలు వెనకనుంచి. "నేను రోజూ అదే పెట్టుకుంటాను."

"ఇవాళ మండదు" అంది చిన్నకోడలు. "నెల పోయాక మండుతుంది."

షాపావిడ కళ్ళు తెరిచింది. "అదేంటి? మీకెలా తెలుసు?"

గుమ్మంలో అత్తగారు టీ గ్లాసులతో నిలబడిపోయింది. మొగుడు పనికి వెళ్ళనే లేదు, ఆమె వెనక నిలబడి ఉన్నాడు. అందరూ చిన్నకోడలి నోరే చూస్తున్నారు. ఆమె నోరు తెరిచింది.

"ఎలా తెలుస్తుందండీ, వట్టి భయం!" పెద్దకోడలు గలగలా నవ్వుతూ ముందుకొచ్చింది. "నిన్నటినుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పంతం పట్టి రాత్రంతా మేలుకుని చేసింది. అలసిపోయి ఏదో అంటోంది పిచ్చిది. ఇటివ్వు." బ్రష్ ఆమె చేతిలోకి వెళ్ళిపోయింది. "మీరు కళ్ళు మూసుకోండి. ఈ చుట్టుపక్కల కళ్ళన్నీ నా చేతి మీదుగా వెళ్ళినవే."

షాపావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒకతి జుట్టు రేగి, ముక్కు వాచి, ఏడ్చిన మొహంతో ఉంది. ఇంకొకతి చక్కగా తయారై నవ్వుతోంది. ఆవిడ చూపు పెద్దకోడలి ఒత్తైన రెప్పల దగ్గర ఆగింది. వాటినే నమ్మింది. మళ్ళీ వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

పెద్దకోడలు వంగి, చిటికెనవేలు ఆవిడ బుగ్గమీద ఆనించి, బ్రష్ ఎత్తింది.

చిన్నకోడలు ఆ మణికట్టు పట్టుకుంది.

పెద్దకోడలు విదిలించుకోలేదు. తలెత్తి చూసింది. పెదాలు మాత్రమే కదిపింది: "వదులు. చెప్పావంటే ఇవాల్టితో నీకూ నాకూ చెల్లు."

చిన్నకోడలు వదల్లేదు. చెప్పనూ లేదు. బ్రష్ రెప్పలకి తగలకుండా గాలిలోనే ఉంది. ఎవరి చెయ్యి ఒణుకుతోందో ఇద్దరికీ తెలియడం లేదు.

ఒక కంటికి పెట్టేశారనుకుని, దీపం కింద షాపావిడ హాయిగా నవ్వింది.

"చూశారా, అస్సలు మండట్లేదు. చిన్నావిడ ఊరికే భయపెట్టింది" అంది కళ్ళు తెరవకుండానే. "రెండో కంటికి కూడా పెట్టేయండి."